శాంతినికేతనంలో చైనా విద్య: చీనా భవన్ వేదికా, ఆంధ్రదేశపు బౌద్ధ గ్రంథాలూ

ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య చరిత్రలో శాంతినికేతనం పేరు కవిత్వంతోనే ముడిపడి ఉంది. రాయప్రోలు సుబ్బారావు అక్కడ గడిపిన కాలం, బెజవాడ గోపాలరెడ్డి చదువు, ఆయన చేసిన రవీంద్ర సాహిత్యానువాదాలు, భావకవిత్వంపై రవీంద్రుడి ముద్ర మొదలైన విషయాలపై మనకు చాలినంత పరిశోధన ఉంది. అదే ప్రాంగణంలో చైనీయ, టిబెటన్ భాషల ద్వారా ప్రాచీన భారతీయ గ్రంథాలను వెలికితీసిన మరొక శాఖ పనిచేసింది. ఆంధ్రదేశంతో ముడిపడిన ముగ్గురు తాత్త్వికులు నాగార్జునుడు, దిఙ్నాగుడు, భావవివేకుడు. సంస్కృతంలో నశించిన వీరి రచనలు కొన్ని మళ్ళీ సంస్కృత రూపంలోనో, ఆధునిక భాషలలోనో చదవడానికి వీలైంది చాలవరకు శాంతినికేతనంతో సంబంధమున్న పండితుల వల్లనే. ఈ సంగతి మన చరిత్ర రచనలో తగినంతగా చోటు చేసుకోలేదు.

విశ్వభారతిలోని ఆసియా అధ్యయనాల చరిత్రను సాధారణంగా ఉత్సవాల వరుసగా చెబుతారు: ప్రారంభోత్సవం, దేశాధినేతల రాక, స్నాతకోత్సవం, బిరుదు ప్రదానం. ఆ వరుస అబద్ధం కాదు. కాని ప్రతి ఉత్సవానికీ ఆనాటి రాజకీయమే ముహూర్తం పెట్టింది. గ్రంథాలయంలో సాగిన పని మాత్రం వేరే కాలమానంతో నడిచింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

వేంగి నుంచి చాంగాన్‌కు

చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ క్రీ.శ. 639-40 ప్రాంతంలో ఆంధ్రదేశం చేరాడు. వేంగిని రాజధానిగా పేర్కొంటూ, ఇక్కడి భాష మధ్యదేశపు భాషకు భిన్నమనీ, లిపి మాత్రం చాలావరకు ఒకటేననీ రాశాడు. తెలుగు భాషా చరిత్రకారులు ఈ వాక్యాన్ని తరచు ఉదాహరిస్తారు. దానికి కొద్ది దూరంలోనే మరొక విషయం ఉంది. నగరానికి నైరుతి దిశలో ఒక ఒంటరి కొండ, దానిమీద ఒక రాతి స్తూపం ఉన్నాయనీ, దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథం రచించినది అక్కడేననీ అతడు విన్నాడు. దిఙ్నాగుడి జన్మస్థలం కాంచీ ప్రాంతమని టిబెట్ సంప్రదాయం చెబుతుంది. జననం ఎక్కడైనా, గ్రంథరచన వేంగి సమీపాన జరిగిందన్న స్మృతి ఏడవ శతాబ్దిలో ఇక్కడ సజీవంగా ఉందన్నమాట.

అక్కడినుంచి ధాన్యకటకం వెళ్ళిన హ్యుయాన్‌త్సాంగ్ పూర్వశైల, అపరశైల విహారాలను వర్ణించాడు. సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల వద్ద కొన్ని నెలలపాటు మహాసాంఘికుల అభిధర్మం చదువుకున్నాడనీ, వారు అతని వద్ద మహాయాన శాస్త్రాలు చదువుకున్నారనీ అతని జీవిత చరిత్ర చెబుతుంది. గురుశిష్య సంబంధం రెండు వైపులా నడిచిన ఈ ఘట్టాన్ని మన పాఠ్యపుస్తకాలు వదిలివేయడం విచారకరం. ఈ ధాన్యకటకం అమరావతి-ధరణికోట ప్రాంతమేనా, లేక ఫెర్గూసన్ మొదలైనవారు భావించినట్లు బెజవాడా అన్న వివాదం పంతొమ్మిదవ శతాబ్ది చివరలో సాగింది. దిక్కులనూ, కొండల వర్ణననూ ఎలా అర్థం చేసుకోవాలన్నదే అందులోని చిక్కు. అందువల్ల మూలపాఠంలోని ఒక్కొక్క పదానికీ విలువ ఉంది.

ధాన్యకటక వర్ణనలోనే భావవివేకుడి కథ వస్తుంది. ధర్మపాలుడితో వాదించగోరి ఉత్తరదేశం వెళ్ళిన ఈ మాధ్యమిక ఆచార్యుడికి ఆ అవకాశం దొరకలేదు. తన సందేహాలు తీర్చగలవాడు రానున్న మైత్రేయ బుద్ధుడేనని నిశ్చయించుకొని, అంతకాలం జీవించి ఉండే వరం కోసం అవలోకితేశ్వరుడిని ఉపాసించాడు. ఆ ఆదేశం మీద ధాన్యకటకం సమీపాన ఉన్న కొండ దగ్గర మూడేళ్ళు మంత్రజపం చేశాడు. అభిమంత్రించిన ఆవగింజలతో కొట్టగా కొండ తెరుచుకుంది. లోపల ఉన్న అసుర భవనంలోకి అతడు ప్రవేశించాడు. అక్కడ గుమిగూడిన జనంలో ఆరుగురు మాత్రమే అతని వెంట వెళ్ళారట. ఇది ఐతిహ్యమే. కాని కృష్ణాతీరపు మాధ్యమిక ఆచార్యుడి స్మృతిని ఇంత వివరంగా నిలిపినది ఒక చైనీయ గ్రంథం కావడం గమనార్హం.

హ్యుయాన్‌త్సాంగ్ స్వదేశం చేరి చాంగాన్‌లో అనువాద కార్యం ప్రారంభించాక, 649లో భావవివేకుడి ‘కరతలరత్నం’, అదే సంవత్సరంలో దిఙ్నాగుడి ‘న్యాయముఖం’ చైనీయంలోకి మార్చాడు. ఈ రెంటి సంస్కృత మూలాలూ తరువాత మాయమయ్యాయి. అంతకు రెండు శతాబ్దాలకు పైగా ముందే, ఐదవ శతాబ్ది తొలి దశకంలో, కుమారజీవుడు నాగార్జునుడి పేరున్న ‘ద్వాదశముఖ శాస్త్రాన్ని’ అనువదించాడు. దానికీ సంస్కృత మూలం దొరకలేదు. శాతవాహన రాజుకు నాగార్జునుడు రాసినట్లు చెప్పే ‘సుహృల్లేఖ’కు చైనీయంలో మూడు అనువాదాలున్నాయి. వాటిలో ఒకటి ఇత్సింగ్ చేసినది.

లెవీ, విధుశేఖర శాస్త్రి, తూచి

1921 డిసెంబరు 23న విశ్వభారతి ఆరంభసభ జరిగింది. అధ్యక్షుడు బ్రజేంద్రనాథ్ శీల్. సభలో ఉన్న ఫ్రెంచి పండితుడు సిల్వెన్ లెవీ ఆ సంస్థకు వచ్చిన తొలి విదేశీ అతిథి ఆచార్యుడు. ఆయన మొదలుపెట్టిన చైనీయ, టిబెటన్ తరగతులలో కూర్చున్నవారు పిల్లలు కారు. సంప్రదాయ సంస్కృతంలో అప్పటికే ఉద్దండుడైన విధుశేఖర భట్టాచార్య శాస్త్రి ఆ తరగతిలో విద్యార్థిగా కూర్చున్నాడు. యువకుడైన ప్రబోధచంద్ర బాగ్చీ లెవీతోపాటు నేపాల్ వెళ్ళి వ్రాతప్రతులు పరిశీలించి, అటుపై పారిస్‌లో చైనాలోని బౌద్ధ వాఙ్మయంపై పరిశోధన చేశాడు.

విధుశేఖర శాస్త్రి కృషికి ఫలితం పదేళ్ళకు కనిపించింది. 1931లో విశ్వభారతి నుంచి ఆయన పరిష్కరించిన నాగార్జునుడి ‘మహాయానవింశకం’, ఆర్యదేవుడి ‘చతుఃశతకం’ వెలువడ్డాయి. మొదటిది ఇరవై పైచిలుకు శ్లోకాల చిన్న గ్రంథం. టిబెటన్, చైనీయ పాఠాలను ఆధారం చేసుకొని ఆయన దాన్ని తిరిగి సంస్కృతంలో నిర్మించాడు. నాగార్జునుడి సంస్కృత రచనగా ఒక భారతీయ విశ్వవిద్యాలయం ఇలా పునర్నిర్మించి ప్రచురించిన తొలినాటి గ్రంథాలలో అది ఒకటి. చీనా భవన్‌కు పునాది పడకముందు జరిగిన పని ఇది.

1925 నవంబరులో మరొక రకం రాక చూస్తాం. ముసోలినీ ప్రభుత్వం కార్లో ఫార్మికీ అనే సంస్కృత పండితుడినీ, అతని వెంట యువకుడైన జుసెప్పె తూచినీ, ఇటాలియన్ పుస్తకాల కానుకనూ శాంతినికేతనానికి పంపింది. అది రాజకీయ మర్యాద. మరుసటి ఏడాది రవీంద్రుడు ఇటలీ వెళ్ళి వచ్చి ఫాసిజాన్ని బహిరంగంగా విమర్శించడంతో ఆ మర్యాద ముగిసింది. తూచి శాంతినికేతనం విడిచినా భారతదేశంలో మరికొన్నేళ్ళు ఉన్నాడు. అతడు అక్కడ బోధించినవి ఇటాలియన్, చైనీయం, టిబెటన్. 1929లో బరోడా నుంచి చైనీయ ఆధారాలతో దిఙ్నాగుడికి పూర్వపు బౌద్ధ తర్కగ్రంథాలనూ, 1930లో ‘న్యాయముఖా’నికి ఆంగ్లానువాదాన్నీ ప్రకటించాడు. వేంగి సమీపపు కొండమీద రూపొందినట్లు హ్యుయాన్‌త్సాంగ్ విన్న హేతువిద్యా గ్రంథం ఏదన్న ప్రశ్నకు తప్పక పరిశీలించవలసిన రచన ఇది. అది ఆధునిక పాఠకుడికి అందిన దారి ఇంత వంకరగా ఉంది. నియంత పంపిన కానుకలో మిగిలిన విలువైన భాగం ఆ నియంతకు ఏమాత్రం పనికిరానిది.

1937 ఏప్రిల్ 14

రవీంద్రుడి 1924 చైనా పర్యటన గురించి రెండు మాటలు చాలు. లియాంగ్ చిచావో ఆహ్వానం, పెకింగులో మే 8న జరిగిన జన్మదినోత్సవం, ఆ సందర్భంగా ప్రదర్శించిన ‘చిత్ర’ నాటకం, క్షితిమోహన్ సేన్, నందలాల్ బోస్, కాళిదాస్ నాగ్‌ల సహయాత్ర ప్రసిద్ధాలు. ఆయన సభలలో విద్యార్థులు నిరసన కరపత్రాలు పంచిన సంగతి కూడా అంతే నిజం. ప్రాచ్య ఆధ్యాత్మికత అన్న మాట సైన్యాధిపతుల మధ్య నలుగుతున్న దేశపు యువకులకు వెగటుగా తోచింది. వారి కోపంలో న్యాయం లేదనలేం.

ఈ పర్యటన తరువాత చైనా నుంచి శాంతినికేతనానికి వచ్చి స్థిరపడినవాడు టాన్ యున్‌షాన్. 1898లో హునాన్ రాష్ట్రంలో పుట్టి, మలయా ప్రాంతంలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ 1927లో రవీంద్రుడిని కలిశాడు. 1928లో శాంతినికేతనం చేరి కొద్దిమంది విద్యార్థులతో చైనీయ తరగతి ప్రారంభించాడు. తరగతి ఉంది కాని పుస్తకాలు లేవు. వాటికోసం చైనా తిరిగి వెళ్ళి, 1933లో నాన్‌కింగులో చైనా-భారత సాంస్కృతిక సంఘాన్ని నెలకొల్పడానికి కృషి చేశాడు. విద్యావేత్త చాయ్ యువాన్‌పెయ్ వంటి పెద్దల అండతో ధనం, గ్రంథాలు సేకరించాడు. గ్రంథాల సంఖ్య లక్ష అని తరచు చెబుతారు. చైనీయ సంప్రదాయ ముద్రణలో ఒకే గ్రంథం పదుల కొద్దీ పలుచని కుట్టు సంపుటాలుగా ఉంటుంది కనుక, ఈ అంకెను మన పుస్తకాల లెక్కతో పోల్చకూడదు. అయినా చైనీయ త్రిపిటకంతో కూడిన అంతటి సంగ్రహం అప్పటికి భారతదేశంలో ఏ విశ్వవిద్యాలయానికైనా గర్వకారణమే.

1937 ఏప్రిల్ 14, బెంగాలీ ఉగాది నాడు చీనా భవన్‌ను రవీంద్రుడు ప్రారంభించాడు. అధ్యక్షత వహించవలసిన నెహ్రూ అనారోగ్యంతో రాలేకపోగా ఆయన సందేశాన్ని ఇందిర చదివింది. గాంధీ సందేశం పంపాడు. రవీంద్రుడి ప్రసంగం చైనా, భారత్‌ల ప్రాచీన మైత్రిని స్మరించి, దాన్ని మళ్ళీ మొదలుపెట్టవలసిన అవసరాన్ని చెప్పింది. మూడు నెలలు తిరగకముందే, జూలై 7న, పెకింగు దగ్గరి మార్కోపోలో వంతెన వద్ద కాల్పులతో జపాన్ చైనాపై పూర్తిస్థాయి యుద్ధం ప్రారంభించింది.

ఆసియా ఏకత్వం అన్న భావనకు ఇది కఠిన పరీక్ష. శాంతినికేతనానికి జపాన్ కొత్త కాదు. ఒకాకురా స్నేహం విద్యాలయపు తొలినాళ్ళది. హోరి అనే జపాన్ యువకుడు సంస్కృతం నేర్చుకోవడానికి 1902లోనే వచ్చాడు. జూడో ఆచార్యుడు తకగాకి 1929లో వచ్చాడు. కవి యోనే నొగుచి 1935లో అతిథి. అదే నొగుచి 1938లో చైనాపై యుద్ధాన్ని సమర్థిస్తూ రవీంద్రుడికి లేఖ రాస్తే, రవీంద్రుడు తీవ్రంగా జవాబిచ్చాడు. ఆసియా ఒకటి అని పలికినవారంతా ఒకే అర్థంతో పలకలేదని ఆ లేఖలు నిరూపించాయి.

వేదిక మీది అతిథులు

యుద్ధకాలపు అతిథులలో అందరికంటే ఎక్కువ మిగిల్చి వెళ్ళినవాడు చిత్రకారుడు షు పెయ్‌హుంగ్. 1939 చివర వచ్చి 1940లోనూ ఇక్కడ ఉన్నాడు. శాంతినికేతనంలో, కలకత్తాలో ప్రదర్శనలు జరిపాడు. రవీంద్రుడి చిత్రాలు గీశాడు. కొండను తవ్వే వృద్ధుడి చైనీయ కథను పెద్ద చిత్రంగా రూపొందించినది ఈ దేశంలో ఉన్నప్పుడే. 1940లోనే బౌద్ధ భిక్షువు తాయ్‌షు వచ్చాడు. 1942 ఫిబ్రవరిలో, రవీంద్రుడు మరణించిన ఆరు నెలలకు, చాంగ్ కై షేక్ దంపతులు వచ్చి విరాళం ప్రకటించారు. భవనపు గోడలపై నందలాల్ బోస్ ‘నటీర్ పూజ’ ఘట్టాలనూ, బినోద్ బిహారీ ముఖర్జీ ప్రాంగణ జీవితాన్నీ చిత్రించినది ఆ 1942 ప్రాంతంలోనే. చాంగ్ రాక పత్రికలలో నిలిచింది, గోడబొమ్మలు గోడమీద నిలిచాయి.

1957 జనవరిలో చౌ ఎన్‌లై వచ్చాడు. విశ్వభారతి ఆయనకు దేశికోత్తమ బిరుదు ఇచ్చింది. పదిహేనేళ్ళ వ్యవధిలో పరస్పర శత్రువులైన రెండు చైనా ప్రభుత్వాల నాయకులకు ఒకే భవనం స్వాగతం పలికింది. ఇద్దరికీ స్వాగతం ఏర్పాటు చేయవలసినవాడు టాన్ యున్‌షానే. ఆయన పరిస్థితి ఎంత సున్నితమైనదో ఊహించవచ్చు.

పునర్నిర్మాణమనే పని

ఈ రాకపోకల మధ్య గ్రంథాలయంలో సాగిన పనిని వివరంగా చెప్పుకోవాలి.

1944లో బాగ్చీ సంపాదకత్వాన చైనా-భారత అధ్యయనాలకు ప్రత్యేకంగా ఒక ఆంగ్ల పత్రిక ప్రారంభమైంది. మరుసటి ఏడాది ఆయన చీనా భవన్‌కు వచ్చాడు. టాన్ పుట్టిన 1898లోనే బాగ్చీ కూడా పుట్టాడు. ఒకరు సేకరించి నిలిపితే మరొకరు చదివి వినియోగించారు. బాగ్చీ 1954లో ఉపాచార్యుడై 1956 జనవరిలో మరణించాడు. ఈ దశాబ్దంలోనే శాంతినికేతనం నుంచి ప్రహ్లాద్ ప్రధాన్ పరిష్కరించిన అసంగుడి ‘అభిధర్మసముచ్చయం’ 1950లోనూ, శాంతిభిక్షు శాస్త్రి సంస్కృతీకరించిన కాత్యాయనీపుత్రుడి ‘జ్ఞానప్రస్థానం’ 1955లోనూ వెలువడ్డాయి.

మన విషయానికి ముఖ్యుడు ఎన్. అయ్యాస్వామి శాస్త్రి. 1938లో అడయారు గ్రంథాలయం ద్వారా నాగార్జునుడి పేరున్న ‘భవసంక్రాంతి’నీ, 1942లో దిఙ్నాగుడి ‘ఆలంబనపరీక్ష’నూ అప్పటికే ప్రకటించాడు. 1949లో విశ్వభారతి సంచికలో ‘కరతలరత్నా’న్నీ, 1954లో ‘ద్వాదశముఖ శాస్త్రా’న్నీ చైనీయం నుంచి సంస్కృతంలోకి మార్చి ప్రచురించాడు. అసుర భవనంలోకి వెళ్ళినట్లు హ్యుయాన్‌త్సాంగ్ కథ చెప్పిన ఆచార్యుడి పుస్తకం, అదే హ్యుయాన్‌త్సాంగ్ చేసిన అనువాదం నుంచి, పదమూడు వందల ఏళ్ళకు తిరిగి సంస్కృత వాక్యాలుగా మారింది.

ఇలాంటి పునర్నిర్మాణం ఎలా సాధ్యమైంది? ఇద్దరు అనువాదకుల తీరు పోల్చితే తెలుస్తుంది. అవలోకితేశ్వరుడి పేరును కుమారజీవుడు ‘గ్వాన్‌షియిన్’ అన్నాడు. లోకపు ధ్వనులను గమనించేవాడని దాని అర్థం. హ్యుయాన్‌త్సాంగ్ దాన్ని తిరస్కరించి ‘గ్వాన్‌జిజాయ్’ అన్నాడు. చూపులో స్వతంత్రుడని అర్థం. అంటే అవలోకిత, ఈశ్వర అనే రెండు భాగాలనూ విడదీసి, ప్రతి భాగానికీ చైనీయ సమానార్థకం పెట్టాడు. కుమారజీవుడు వినేవారి చెవికి అనువదించాడు, హ్యుయాన్‌త్సాంగ్ మూలంలోని సమాసానికి అనువదించాడు. అందువల్ల హ్యుయాన్‌త్సాంగ్ పాఠం నుంచి సంస్కృత పరిభాషను దాదాపు యథాతథంగా తిరిగి రాబట్టవచ్చు. కుమారజీవుడి పాఠం నుంచి అలా కాదు. ఒకే చైనీయ అక్షరం వెనుక రెండు మూడు సంస్కృత పదాలు దాగి ఉంటాయి. అక్కడ పండితుడికి సహాయపడేది నాగార్జునుడి ‘మూలమధ్యమక కారికలు’ సంస్కృతంలో దక్కి ఉండటం. ఒకే భావం ఆ కారికలలో ఏ పదంతో చెప్పబడిందో చూసి నిర్ణయించాలి.

ఇలా తయారైన సంస్కృతాన్ని మూలంగా భావించరాదు. అది విద్వత్పూర్వకమైన ఊహ. నాగార్జునుడి వాక్యం అని ఉదాహరించే ముందు అది దక్కినదా, కట్టినదా అని తప్పనిసరిగా పేర్కొనాలి. తెలుగులో వెలువడిన నాగార్జున వ్యాసాలు కొన్ని ఈ భేదం పాటించవు. పైగా ‘ద్వాదశముఖం’ నాగార్జునుడిదేనా, ‘కరతలరత్నం’ భావవివేకుడిదేనా అన్న సందేహాలు కూడా పండితులలో ఉన్నాయి. వీటిని తేల్చడానికి మళ్ళీ చైనీయ పాఠమే చూడాలి, పునర్నిర్మిత సంస్కృతం చూసి తేల్చడం వలయతర్కం అవుతుంది.

1962, ఆ తరువాత

1962 అక్టోబరులో సరిహద్దు యుద్ధం మొదలైంది. దేశంలోని చైనీయ సంతతివారిని వేల సంఖ్యలో రాజస్థాన్‌లోని దేవలీ శిబిరంలో నిర్బంధించారు. టాన్ కుటుంబం శాంతినికేతనంలోనే ఉంది. ఆ డిసెంబరులో నెహ్రూ విశ్వవిద్యాలయ ఆచార్యుడి హోదాలో స్నాతకోత్సవానికి వచ్చి, మనకు వైరం చైనా ప్రభుత్వంతోనే గాని అక్కడి ప్రజలతో, సంస్కృతితో కాదని అన్నాడనీ, సభలో ఉన్న టాన్ కన్నీరు పెట్టుకున్నాడనీ ఆ కుటుంబీకుల కథనం. చీనా భవన్ చరిత్రలోని ఉత్సవాలన్నిటిలో ప్రభుత్వాల ప్రయోజనానికి అతీతంగా ఒక మాట వినిపించిన సందర్భం ఇదేననిపిస్తుంది.

భవనం మూతపడలేదు, కాని చైనా విద్య దిశ మారింది. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చైనా అధ్యయన కేంద్రం ఏర్పడింది. అక్కడ ప్రధానాంశాలు ఆధునిక చైనా చరిత్ర, రాజకీయం, విదేశాంగ విధానం. టాన్ కుమారుడు టాన్ చుంగ్ కూడా ఢిల్లీలోనే చైనీయం బోధించాడు. యుద్ధం చూసిన దేశానికి ఆ విద్య అవసరమే, దాన్ని తప్పుపట్టలేం. అయితే త్రిపిటకపు చైనీయం, నేటి పత్రికల చైనీయం దాదాపు వేరువేరు భాషలు. రెండవది నేర్చినవాడు మొదటిదాన్ని చదవలేడు. ఒక తరం పండితులు రెండవదాని వైపు మళ్ళడంతో విధుశేఖర శాస్త్రి, బాగ్చీ, అయ్యాస్వామి శాస్త్రి నడిచిన బాట పలుచబడింది. టాన్ 1967లో విరమించి, బోధ్‌గయలో ప్రపంచ బౌద్ధ విద్యాపీఠం స్థాపించి, 1983లో అక్కడే మరణించాడు. అయ్యాస్వామి శాస్త్రి చివరి పెద్ద కృషి హరివర్మ ‘సత్యసిద్ధిశాస్త్రం’. ఇది కూడా కుమారజీవుడి చైనీయంలోనే దక్కిన గ్రంథం. సంస్కృత పాఠం 1975లోనూ, ఆంగ్లానువాదం 1978లోనూ బరోడా నుంచి వచ్చాయి.

ఇక నాగార్జునుడి పేరుతో చైనీయంలో ఉన్నవాటిలో అతి పెద్దది కుమారజీవుడు 402-406 మధ్య అనువదించిన ‘మహాప్రజ్ఞాపారమితా ఉపదేశం’. నూరు ప్రకరణాల గ్రంథం. దక్షిణాపథపు బౌద్ధ ఆచారాలు, కథలు, సంప్రదాయ భేదాల గురించి ఇందులో ఏముందో జల్లెడ పట్టి చూడవలసి ఉంది. బెల్జియన్ పండితుడు ఎతియెన్ లామొత్ 1944 నుంచి 1980 వరకు ఐదు సంపుటాలుగా దాన్ని ఫ్రెంచిలోకి తెచ్చాడు. కర్తృత్వం నాగార్జునుడిది కాకపోవచ్చునని చివరికి ఆయనే వాదించాడు. ఆ వాదాన్ని కాదన్నవారూ ఉన్నారు. ఆ ఐదు సంపుటాలూ మూలంలో సుమారు మూడవ వంతుకే సరిపోయాయి.